ఎదుగుదల ఆగకముందే బ్రేస్

సంపాదకుల వారికి,

నమస్కారం. వెన్నెముక పక్కకు ఒంగిపోయే స్కోలియోసిస్ గురించి మీ ఆరోగ్య పుటలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. వెన్నుపూసలకు స్క్రూలు బిగించి, లోహపు కడ్డీలతో వంపును సరిచేసే శస్త్రచికిత్స గురించి అందులో చక్కగా వివరించారు. అయితే చాలామంది పిల్లలను ఆ శస్త్రచికిత్స దాకా వెళ్ళకుండా ఆపగలిగే బ్రేస్ (ఒంటి కొలతలతో చేసిన గట్టి ప్లాస్టిక్ కవచం) గురించి మాత్రం ‘తొలి దశలో బెల్టు వాడవచ్చు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారు. పన్నెండో ఏట బ్రేస్ తొడుక్కుని పదిహేనో ఏట దాన్ని పక్కన పెట్టిన అమ్మాయికి తల్లిని నేను. ఆ కాలంలో చదివినవీ, వైద్యులను పదేపదే అడిగి తెలుసుకున్నవీ, ఇంట్లో చూసి నేర్చుకున్నవీ మీ పాఠకుల ముందుంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైందని నాకూ తెలుసు. స్థలం చాలకపోతే మా ఇంటి సంగతులు కుదించండి గానీ అంకెలను కుదించవద్దని మనవి.

ముందుగా పేరు దగ్గరి గందరగోళం. స్కోలియోసిస్‌ను చాలామంది గూని అంటారు. గూనిలో వీపు ముందుకు వంగుతుంది. స్కోలియోసిస్‌లో వెన్నెముక పక్కకు ఒరగడమే కాక, వెన్నుపూసలు తమ ఇరుసు మీద కాస్త మెలి తిరుగుతాయి కూడా. ఆ మెలి వల్లనే ఒక వైపు పక్కటెముకలు వెనక్కి పొడుచుకువస్తాయి, ఒక భుజం పైకి లేస్తుంది, నడుము ఒంపు రెండు వైపులా ఒకేలా ఉండదు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో, వంపుకు పైకొసనా కిందికొసనా ఎక్కువగా వాలిన వెన్నుపూసల మధ్య కోణాన్ని కొలుస్తారు. జాన్ కాబ్ అనే అమెరికా వైద్యుడు 1948లో ప్రచురించిన పద్ధతి కాబట్టి దాన్ని కాబ్ కోణం అంటారు. అది 10 డిగ్రీలు దాటితేనే స్కోలియోసిస్. పదేళ్ళు దాటిన పిల్లల్లో, ప్రత్యేకమైన కారణమేదీ కనిపించకుండా వచ్చే రకమే అన్నింటికన్నా ఎక్కువ. నూటికి ఇద్దరు ముగ్గురిలో ఉంటుందని అంచనా. వారిలో అత్యధికులకు ఏ చికిత్సా అవసరం లేదన్నది కూడా అంతే నిజం. చిన్న వంపులు ఆడపిల్లల్లోనూ మగపిల్లల్లోనూ దాదాపు సమానంగానే ఉన్నా, 30 డిగ్రీలు దాటేవి ఆడపిల్లల్లో సుమారు పదింతలు ఎక్కువ. బరువైన పుస్తకాల సంచి వల్లో, వంకరగా కూర్చోవడం వల్లో ఇది రాదు. మా అమ్మాయికి వంపు ఉందని తెలిసిన రోజున నేను మొదట చేసిన పని దాని బడి సంచిని తూకం వేయడం! కారణం ఎక్కడో ఒకచోట దొరికితే తప్ప తల్లి మనసు ఊరుకోదు గదా.

ఇక అసలు సంగతికి వస్తాను. వంపు ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, ఎదుగుదల ఇంకా ఎంత మిగిలి ఉందన్నది అంతకన్నా ముఖ్యం. తుంటి ఎముక పైఅంచున ఎముక ఎంతవరకు గట్టిపడిందో ఎక్స్‌రేలో చూసి, 0 నుంచి 5 దాకా ఒక అంకె ఇస్తారు. దాన్ని రిస్సర్ గుర్తు అంటారు. సున్నా అంటే ఎదుగుదల చాలా మిగిలి ఉందని, అయిదు అంటే ముగిసిందని అర్థం. చికిత్స లేకుండా గమనిస్తూ వచ్చిన ఏడువందల మందికి పైగా పిల్లల వివరాలతో లాన్‌స్టైన్, కార్ల్‌సన్ అనే వైద్యులు 1984లో ప్రచురించిన అధ్యయనాన్ని ఇప్పటికీ అందరూ ఉదహరిస్తారు. అందులో 20 నుంచి 29 డిగ్రీల వంపు ఉండి రిస్సర్ 0 లేదా 1 దగ్గర ఉన్నవారిలో 68 శాతానికి వంపు పెరిగింది. అంతే వంపు ఉండి రిస్సర్ 2 నుంచి 4 మధ్య ఉన్నవారిలో పెరిగింది 23 శాతానికే. అంటే ఒకే కోణం చూపించే రెండు ఎక్స్‌రేలు ఇద్దరు పిల్లల విషయంలో రెండు వేర్వేరు కబుర్లు చెబుతాయి. వంపు ఎన్ని డిగ్రీలని మాత్రమే అడిగి, రిస్సర్ ఎంత అని అడగకుండా వైద్యుడి గది నుంచి బయటికి వచ్చే తల్లిదండ్రులు సగం సమాచారంతోనే ఇంటికి వెళుతున్నారు. మొదటిసారి నేనూ అలాగే వచ్చాను.

అప్పుడు మా అమ్మాయికి పదకొండేళ్ళు. వంపు 18 డిగ్రీలు. ‘ఎదిగితే అదే సర్దుకుంటుంది, చూద్దాం’ అన్నారు. మళ్ళీ ఎప్పుడు రావాలో వారు చెప్పలేదు, మేము అడగలేదు. పది నెలల తరువాత, అది ఒక్కసారిగా పొడుగైన ఏడాదిలో, గౌను భుజం మీంచి ఒక పక్కకు జారుతోందని దర్జీ చెబితే తప్ప మాకు తెలియలేదు. రెండో ఎక్స్‌రేలో 30 డిగ్రీలు. చిన్న వంపును వేచి చూడటంలో తప్పు లేదు, నిజానికి అదే సరైన పద్ధతి. కానీ ఎదుగుదల ఊపందుకున్న వయసులో, ఆరు నెలలు దాటకుండా మళ్ళీ కొలిచే తేదీని ఖాయం చేసుకుని వేచి చూడాలి. ఆ తేదీ లేకపోవడం వల్ల మాకు పోయిన పది నెలలను ఏ బ్రేసూ తిరిగి తేలేదు.

సాధారణంగా 25 నుంచి 40 డిగ్రీల మధ్య వంపు ఉండి, రిస్సర్ 0 నుంచి 2 మధ్య ఉన్న పిల్లలకు బ్రేస్ సూచిస్తారు. వంపు అంతకన్నా కొంచెం తక్కువగా ఉన్నా, త్వరత్వరగా పెరుగుతోందని రెండు ఎక్స్‌రేలు చూపిస్తే ముందే మొదలుపెట్టవచ్చు. ఎదుగుదల ముగిసిన తరువాత తొడిగినా వంపును ఆపడానికి అది ఉపయోగపడదు. వంపు 45, 50 డిగ్రీలు దాటాక కూడా దాని శక్తి చాలదు. ఈ రెండు హద్దుల మధ్య ఉన్న కాలం, ఒక్కో పిల్లకు ఏడాది రెండేళ్ళకు మించని కాలం, బ్రేస్‌కు దక్కే అవకాశం.

దుకాణంలో సైజు చెప్పి కొనుక్కునే నడుము బెల్టుకూ దీనికీ పోలికే లేదు. బ్రేస్ అంటే పిల్ల ఒంటి కొలతలు అచ్చు పోసో, స్కానర్‌తోనో తీసుకుని, గట్టి ప్లాస్టిక్‌తో చేసిన కవచం. వంపు ఎక్కువగా ఉబికిన చోట లోపలి నుంచి మెత్తలు నొక్కుతాయి. వాటికి ఎదురుగా, పైనా కిందా మరో రెండు చోట్ల ఆనిక ఉంటుంది. నొక్కిన వైపుకు అవతలి పక్క కావాలనే ఖాళీ వదులుతారు, ఒళ్ళు ఆ ఖాళీలోకి జరగడానికి. వెన్నును ఇనుప కవచాల్లో బిగించడం పదహారో శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే కాలం నుంచీ ఉంది. 1940ల్లో అమెరికాలో వచ్చిన మిల్వాకీ బ్రేస్ తుంటి నుంచి మెడ దాకా కడ్డీలతో, గడ్డం కింద ఒక వలయంతో ఉండేది. దాని బొమ్మ చూసి భయపడే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. 1970ల్లో వచ్చిన బోస్టన్ బ్రేస్ చంకల కిందికే ఆగిపోతుంది, వదులు చొక్కా వేసుకుంటే బయటికి పెద్దగా కనిపించదు. ఫ్రాన్స్ వైద్యుడు షెనో పేరుతో ఉన్న రకమూ, రాత్రి నిద్రలో మాత్రమే వంపుకు ఎదురు దిశలో ఒంచి పట్టే రకాలూ ఉన్నాయి. వీటిలో ఏది అన్నది వంపు ఎక్కడుందో, ఎలా ఉందో చూసి వైద్యుడూ, బ్రేస్ తయారుచేసే ఆర్థోటిస్టూ కలిసి నిర్ణయించాలి. ఇక్కడ తల్లిదండ్రులు అడిగి తీరవలసిన ప్రశ్న ఒకటుంది: బ్రేస్ తొడిగి తీసిన ఎక్స్‌రేలో కోణం ఎంతకు తగ్గింది? వంపు మెత్తగా ఉన్న పిల్లల్లో దాదాపు సగానికి తగ్గాలని ఆశిస్తారు. మా అమ్మాయికి మొదట చేసిన బ్రేస్‌లో 30 కాస్తా 26 అయింది, అంతే. ఆ ఎక్స్‌రే చూశాకే ఆర్థోటిస్టు మెత్తల స్థానం మార్చి, రెండు చోట్ల ప్లాస్టిక్‌ను కోసి సరిచేశారు. తరువాత తీసినప్పుడు 16 చూపించింది. ఆ ఎక్స్‌రే తీయించకపోయి ఉంటే, సరిగా నొక్కని కవచాన్ని పిల్ల నెలల తరబడి మోసి ఉండేది.

బ్రేస్ నిజంగా పని చేస్తుందా అన్న అనుమానం వైద్యుల్లోనే చాలాకాలం ఉండేది. అది అన్యాయమైన అనుమానమూ కాదు, ఎందుకంటే బ్రేస్ లేకపోయినా కొందరి వంపు పెరగదు. దాన్ని తేల్చడానికి అమెరికా, కెనడాల్లోని 25 కేంద్రాల్లో చేసిన పరిశోధన ఫలితాలు 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. స్టువర్ట్ వైన్‌స్టైన్, లోరీ డోలన్ దానికి నాయకత్వం వహించారు. 10 నుంచి 15 ఏళ్ళ వయసు, 20 నుంచి 40 డిగ్రీల వంపు ఉన్న 242 మంది పిల్లలను తీసుకుని, కొందరిని లాటరీ పద్ధతిలో, మిగతావారిని వారి ఇష్టప్రకారం విభజించి, ఒక జట్టుకు బ్రేస్ వేశారు, మరో జట్టును కేవలం గమనించారు. ఎదుగుదల ముగిసేసరికి వంపు 50 డిగ్రీలకు చేరకుండా ఉంటే విజయంగా లెక్క. బ్రేస్ వేసినవారిలో 72 శాతం, వేయనివారిలో 48 శాతం ఆ గీటు దాటకుండా బయటపడ్డారు. తేడా అంత స్పష్టంగా కనిపించడంతో పరిశోధనను గడువుకు ముందే ఆపేశారు. లాటరీ పద్ధతిలో విభజించిన పిల్లల లెక్కనే తీసుకుంటే, ముగ్గురికి బ్రేస్ వేస్తే అందులో ఒకరు 50 డిగ్రీలకు చేరకుండా తప్పించుకున్నారు. 50 డిగ్రీల గీటు ఊరికే గీసింది కాదు: ఎదుగుదల ఆగేనాటికి 30కి లోపు ఉన్న వంపులు పెద్దయ్యాక సాధారణంగా పెరగవు, 50 దాటినవి మాత్రం పెద్ద వయసులో కూడా ఏడాదికి సుమారు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోతాయని దీర్ఘకాలం గమనించిన వైద్యులు చూశారు.

ఆ 48 శాతాన్ని దాచిపెట్టి బ్రేస్‌ను పొగడటం నాకు ఇష్టం లేదు. వేయకపోయినా దాదాపు సగం మంది గట్టెక్కారు. అంటే బ్రేస్ మోసిన పిల్లల్లో కొందరు అది లేకపోయినా గట్టెక్కేవారే. మా అమ్మాయి ఏ జట్టులోదో ఎన్నటికీ తెలియదు. తెలియదు కాబట్టే మేము వేయించాం.

ఆ పరిశోధనలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మరొక అంశం. రోజుకు కనీసం 18 గంటలు తొడగమని చెప్పి, నిజంగా ఎన్ని గంటలు తొడిగారో తెలుసుకోవడానికి బ్రేస్ లోపల ఒంటి వేడిని పసిగట్టే చిన్న సెన్సరు పెట్టారు. సగటున రోజుకు 12.9 గంటలు, లేదా అంతకు మించి తొడిగినవారిలో 90 శాతానికి పైగా విజయం. ఆరు గంటల లోపు తొడిగినవారిలో ఫలితం అసలు బ్రేస్ వేయనివారి కన్నా మెరుగ్గా లేదు. ఎక్కువ గంటలు తొడిగే పిల్లలు ఇతర విధాలుగానూ జాగ్రత్తపరులై ఉండవచ్చునని ఎవరైనా అంటే కాదనను. అయినా గంటలు పెరిగిన కొద్దీ ఫలితం మెట్టుమెట్టుగా పెరగడం చూశాక, అలమరలో ఉన్న బ్రేస్ చికిత్స కాదన్నది మాత్రం ఎవరూ కాదనలేరు. మందు అయితే చీటీలో రాసినంత మింగిస్తాం. బ్రేస్ విషయంలో ఆ మోతాదును నిర్ణయించేది పిల్ల చదివే తరగతి గది, స్నేహితులు, చెమట, నిద్ర, ఇంట్లోవాళ్ళ మాట తీరు.

మా అమ్మాయి బ్రేస్‌లోనూ సెన్సరు ఉంది. నాలుగు నెలల తరువాత గ్రాఫు చూస్తే సగటు 9 గంటలు. ఇంట్లో నేను లెక్కేసింది 19. బడికి తొడుక్కుని వెళ్ళి, అక్కడ విప్పేసి, సాయంత్రం మళ్ళీ తొడుక్కుని వచ్చేదట. వైద్యుడి ముందు నేను కోప్పడ్డాను; ఆయన నన్ను బయట కూర్చోమన్నారు. అది సరైన పనే. తరువాత తెలిసిందేమిటంటే, వెనక బెంచీ పిల్లలు ఆ ప్లాస్టిక్ మీద తలుపు తట్టినట్టు టకటకా కొట్టి ‘లోపల ఎవరున్నారు?’ అని అడిగేవారు. అందులో పెద్ద ద్వేషమేమీ లేదు, కానీ రోజుకు ఇరవైసార్లు వినాలంటే పన్నెండేళ్ళ పిల్లకు నరకమే. తరగతి ఉపాధ్యాయినిని కలిసి చెప్పాం. ఆవిడ ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. పాత బ్రేస్‌ను తరగతికి తెప్పించి, కావలసినవాళ్ళు తొడిగి చూడమన్నారు. వారం రోజుల్లో ఆ వింత పాతబడింది. ఆ తరువాత మా అమ్మాయి నాతో అన్న మాట: “అమ్మా, నువ్వు లెక్కపెట్టకు, నేనే పెట్టుకుంటాను.” అప్పటి నుంచి సగటు 16 గంటలకు తగ్గలేదు. బడివాళ్ళకు నా విన్నపం ఒక్కటే: ఇలాంటి పిల్లలకు కుర్చీ మార్చుకునే, వ్యాయామ తరగతికి ముందు విప్పి తరువాత తొడుక్కునే, దానికో చాటైన గది వాడుకునే వెసులుబాటు అడగకుండానే ఇవ్వండి. ఆటలు మానిపించవద్దు. ఈత, పరుగు, నృత్యం అన్నీ బ్రేస్ విప్పి చేయవచ్చు. ఆ గంటను లెక్కలో ముందే పెట్టుకుంటే సరిపోతుంది.

మిగతా జాగ్రత్తలు చిన్నవే అయినా గంటలను కాపాడేవి అవే. మొదటి రోజే పూర్తి గంటలు తొడిగించకూడదు; ఒకటి రెండు వారాల్లో క్రమంగా పెంచాలి. లోపల కుట్లు లేని, ఒంటికి అతుక్కునే నూలు బనియను ముడతలు పడకుండా వేయాలి, తడిసినప్పుడల్లా మార్చాలి. మెత్తలు నొక్కిన చోట చర్మం ఎర్రబడటం మామూలే. విప్పాక అరగంటకు కూడా ఆ ఎరుపు తగ్గకపోయినా, బొబ్బ లేచినా ఆర్థోటిస్టుకు చూపించాలి. మెత్తదనం కోసం అక్కడ క్రీములు రాస్తే చర్మం ఇంకా నాని దెబ్బతింటుంది. పొట్ట నొక్కుకుపోతుంది కాబట్టి ఒకేసారి కడుపు నిండా తినలేరు. పిల్ల పెరిగిన కొద్దీ బ్రేస్ ఇరుకై, మెత్తలు తప్పుడు చోట నొక్కుతాయి. మాకు రెండున్నరేళ్ళలో రెండుసార్లు కొత్తది చేయించవలసి వచ్చింది.

బ్రేస్‌కు బదులుగా మాకు సలహా ఇచ్చినవారు తక్కువేమీ కాదు. కడ్డీ పట్టుకుని వేలాడటం, నేల మీద పడుకోవడం, వెన్ను విరవడం, మర్దన. వీటిలో ఏదీ పెరిగే వంపును ఆపుతుందనడానికి నమ్మదగ్గ రుజువు లేదు. వెన్ను విరవడం గురించి నేను వాదించను, కానీ ఆ ఆశతో గడిచిపోయే నెలలు ఎదుగుదల నెలలేనని మాత్రం గుర్తు చేస్తాను. స్కోలియోసిస్ కోసమే రూపొందించిన వ్యాయామాల సంగతి వేరు. జర్మనీలో కేథరీనా ష్రోత్ 1920ల్లో మొదలుపెట్టిన పద్ధతి వాటిలో ప్రసిద్ధం; బ్రేస్‌తో పాటు చేస్తే కండరాల పట్టుకూ, నిలబడే తీరుకూ మేలు చేస్తాయి, మా అమ్మాయీ చేసింది. కానీ 30 డిగ్రీల దగ్గర ఎదుగుతున్న పిల్లకు బ్రేస్ మానేసి వ్యాయామాలు మాత్రమే చాలునని చెప్పేటంత బలమైన ఆధారాలు వాటికి లేవు. ఇన్ని చేసినా వంపు పెరిగి శస్త్రచికిత్స అవసరమైతే అది పిల్ల ఓటమీ కాదు, తల్లిదండ్రుల నేరమూ కాదు.

ఎక్స్‌రేల గురించి భయపడే తల్లులకు ఒక మాట. ఎదుగుతున్న ఆడపిల్లల రొమ్ములకు రేడియేషన్ తగ్గించడానికి, కిరణాలు వీపు వైపు నుంచి వచ్చేలా నిలబెట్టి తీయమని అడగవచ్చు. తక్కువ మోతాదుతో తీసే యంత్రాలు కూడా వచ్చాయి.

పసిగట్టడం ఎలా అన్నది చివరి సంగతి. పిల్లలను పాదాలు కలిపి నిలబెట్టి, మోకాళ్ళు వంచకుండా, అరచేతులు జోడించి నడుము దగ్గర ముందుకు వంగమని, వెనక నుంచి వీపును చూడటమే పరీక్ష. ఒక పక్క ఎత్తుగా లేస్తే వైద్యుడికి చూపించాలి. విలియం ఆడమ్స్ అనే ఆంగ్ల వైద్యుడు 1865లో వర్ణించిన ఈ పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు. బడుల్లో పిల్లలందరికీ దీన్ని జరపాలా అన్న విషయంలో నిపుణులు ఏకాభిప్రాయానికి రాలేదు. అమెరికాలో నివారణ చికిత్సల మీద సలహాలిచ్చే నిపుణుల బృందం 2004లో వద్దన్నది. 2018లో, అంటే బ్రేస్ పరిశోధన వచ్చాక, మేలూ కీడూ తేల్చడానికి ఆధారాలు చాలవని తన మాట మార్చుకుంది. అక్కడి వెన్నెముక, ఎముకల వైద్యుల సంఘాలు మాత్రం ఆడపిల్లలను పదో ఏటా పన్నెండో ఏటా, మగపిల్లలను పదమూడు పద్నాలుగేళ్ళప్పుడు ఒకసారీ చూడాలంటాయి. మగపిల్లల ఎదుగుదల ఊపు రెండేళ్ళు ఆలస్యం కాబట్టి ఆ తేడా. బడుల సంగతి ఎలా తేలినా ఇంట్లో చూసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చిక్కల్లా ఏమిటంటే, వంపు వేగంగా పెరిగే వయసూ, పిల్లలు తమ ఒంటిని తల్లికి కూడా చూపించడానికి సిగ్గుపడే వయసూ ఒక్కటే. వంపు పెరగడం మాకు ముందుగా పట్టుబడకపోవడానికి అదీ ఒక కారణం. ఇది మామూలుగా నొప్పి పెట్టి తనంతట తాను బయటపడే జబ్బు కాదు.

మా అమ్మాయి రజస్వల అయి రెండేళ్ళు నిండి, ఆరు నెలల్లో పొడవు ఒక సెంటీమీటరు కూడా పెరగలేదని కొలిచి, రిస్సర్ 4 చూశాకే వైద్యుడు గంటలు క్రమంగా తగ్గించారు. విప్పిన రోజున వంపు 27. ఏడాది తరువాత 29. వెన్ను నిటారు కాలేదు, ఒక భుజం ఇప్పటికీ కాస్త ఎత్తే. బ్రేస్ పని వంపును మాయం చేయడం కాదు, ఉన్నచోట నిలబెట్టడం అని మొదటి రోజే చెప్పిన ఆర్థోటిస్టుకు నేను రుణపడి ఉన్నాను. ఆ మాట ముందే విని ఉండకపోతే ఆ 29 చూసి ఏడ్చి ఉండేదాన్ని.

మీ వ్యాసంలోని ఆ ఒక్క వాక్యాన్ని సవరించి మళ్ళీ ప్రచురించగలరా? ‘బెల్టు’ అన్న మాట తీసేసి, కొలతలు తీసి చేసిన గట్టి బ్రేస్ అని రాయండి. ‘వాడవచ్చు’ తీసేసి, ఎదుగుదల మిగిలి ఉండి వంపు 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉన్న పిల్లలకు అది అవసరమా కాదా అని వైద్యుణ్ణి వెంటనే అడగాలని రాయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు